దేవరపోతు మేత

అనంతపురం,
ఏప్రిల్ 1963

అన్న నరసింహప్పకు చెల్లెలు రామాంజినమ్మ నమస్కరించి వ్రాసేది. వదిన అక్కమ్మను అడిగానని చెప్పు.

మన ఊరి మారెమ్మ దేవర జాతర జరిగి నెల దాటినా నా చెవుల్లో ఇంకా ఆ పలకల మోతే వినిపిస్తోంది. దున్నపోతును నరకకుండా గుడి ముందు బలిబండ మీద నేను అడ్డంగా పడుకున్నప్పుడు పైన ఎండ, కింద రాయి, రెండూ కాల్చాయి. "తొక్కి పోండప్పా, ఆడదాన్ని చూసి నిలబడితిరేమి!" అని ఎవరో అరిచారు. ఈసారి పోతును ఇచ్చే వంతు మన ఇంటిదే కాబట్టి దాని పలుపు నీ చేతిలోనే ఉంది. నువ్వు ఆ పలుపు కింద పడేసి, "నా చెల్లెలి మీద నుంచి పోతును నడిపిచ్చే మొగోణ్ణి కాదప్పా నేను" అన్నావు. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ కళ్ళు తడుస్తాయి.

ఇక్కడ మా జీవకారుణ్య సంఘంలో ఎంత సంబరమో చెప్పలేను. ఆయన పోయాక బడిలో కుట్టుపని నేర్పుకుంటూ మూలన పడి ఉన్నదాన్ని, ఇప్పుడు వేదిక మీద కూర్చోబెట్టి దండ వేస్తున్నారు. బలులు కూడదని చట్టం వచ్చి ఏళ్ళవుతున్నా అమలు చేసినవాళ్ళెవరు, ఈవిడ ప్రాణం ఒడ్డి చేసి చూపింది అని అధ్యక్షులవారు పత్రికలో రాశారు. ధర్మవరంలో, హిందూపురంలో మాట్లాడటానికి పిలుపులు వచ్చాయి.

పోతుకు నేను ధర్మరాజు అని పేరు పెట్టాను. దున్నపోతు యమధర్మరాజు వాహనం కదా, అది యముణ్ణే గెలిచింది. ఎలా ఉందో వెంటనే రాయి.

నీ చెల్లెలు,
రామాంజినమ్మ


తుమ్మలకుంటపల్లె, నల్లమాడ మీదుగా,
జూన్ 1963

అమ్మీ రామాంజినా,

నీ జాబు చేరింది. మీ వదినకు చదివి వినిపిస్తే, "మా ఆడబిడ్డ పత్రికలో పడిందా? పడనీ. ఇంటికొస్తే మాత్రం పెండ ఎత్తాల్సిందే" అన్నది. అంత మాట అన్నది గానీ, నువ్వు జాబులో పెట్టిన పత్రిక ముక్కను ఉప్పు కుండ వెనక భద్రంగా దాచింది.

నీ ధర్మరాజును ఆ పేరుతో పిలిచి చూశాను. తల కూడా తిప్పలేదు. దూడగా ఉన్నప్పుడు ఎడమ చెవి కోసి మారెమ్మ పేరున వదిలిన నాటి నుంచీ అందరూ "పోతు, పోతు" అంటే విన్నది. ఇప్పుడు రాజును చేస్తే దానికేం తెలుస్తుంది?

ఒళ్ళు బాగానే ఉంది. మొన్న లక్ష్మన్న బావి కింది కొర్రచేలో పడి సగం మడి మేసింది. లక్ష్మన్న కట్టె ఎత్తి, ఎందుకో మళ్ళీ దించాడు. నా దగ్గరికి వచ్చి, "ఏమప్పా నరసింహప్పా, ఇన్నాళ్ళూ పొయ్యే జీవం గదా, తిననీలే అనుకుంటిమి. ఇప్పుడు యాడికీ పోదు గదా. ఇంగెన్నేండ్లు తినాల?" అన్నాడు. నేను నవ్వేసి పంపించాను.

ఈ ఏడు వాన ఇంకా మొహం చూపలేదు. వస్తే అందరి కోపాలూ తడిసి చల్లబడతాయి.

అన్న,
నరసింహప్ప


అనంతపురం,
జనవరి 1964

అన్నకు నమస్కారాలు.

జాబు ఆలస్యమైంది, ఏమీ అనుకోవద్దు. ఈ మధ్య నా కాలు ఒక చోట నిలవడం లేదు. ఎక్కడ జాతర అంటే అక్కడికి పోతున్నాం. ప్రతి సభలోనూ ధర్మరాజు కథతోనే మొదలుపెడతాను. "ఈరోజు ఆ పోతు మా ఊరి పొలాల్లో స్వేచ్ఛగా తిరుగుతోంది, ఊరంతా దానికి బంధువులే" అనగానే చప్పట్లు ఆగవు. ఒక ముసలాయన లేచి, "తల్లీ, నీ నోట ఆ మాట వింటే నా పాపాలు పోయినట్టుండాది" అన్నాడు.

లక్ష్మన్న సంగతి రాశావు. కోపం అజ్ఞానం వల్ల వస్తుంది. అహింస గురించి సంఘం వేసిన కరపత్రాలు ఒక కట్ట పంపుతున్నాను. ఊళ్ళో ఇంటింటికీ పంచు. చదువు రానివాళ్ళకు నువ్వే చదివి వినిపించు.

ఎండాకాలం సెలవులకు వచ్చి ఇంటి వెనక నా గదిలో నెలరోజులు ఉంటాను. ధర్మరాజు ఎలా ఉంది?

రామాంజినమ్మ


తుమ్మలకుంటపల్లె,
మార్చి 1964

అమ్మీ,

కరపత్రాలు అందాయి. పంచాను. పోతు కూడా ఒకటి తిన్నది.

ఈ ఎండాకాలం నువ్వు రావద్దు. వెనక గది కప్పు విప్పి వేయిస్తున్నాం. ఇల్లంతా దుమ్ము, నీకు పడదు, దగ్గు వస్తుంది. వచ్చే ఏడు చూద్దాం.

పోతును ఇప్పుడు ఇంట్లో కొట్టంలోనే కట్టేస్తున్నాను. బయట ఎండలు ఎక్కువ. బాగానే ఉంది. మీ వదిన అడిగినట్టు చెప్పమంది.

నరసింహప్ప


అనంతపురం,
ఫిబ్రవరి 1965

అన్నకు,

నీ జాబులు మరీ పొట్టివైపోయాయి. తంతి ఇచ్చేవాళ్ళు కూడా నీకంటే నాలుగు మాటలు ఎక్కువ రాస్తారు. నా మీద కోపమా? కోపమైతే తిట్టి రాయి, అదైనా చదువుకుంటాను.

ఒక సాయం కావాలి. వచ్చే నెల సంఘం వార్షిక సభ. బెంగళూరు నుంచి పెద్దలు వస్తున్నారు. ధర్మరాజు ఫోటో పెద్దదిగా వేయించి వేదిక మీద పెడదామని అధ్యక్షులవారి కోరిక. కదిరి నుంచి ఫోటో తీసేవాణ్ణి పిలిపించు, ఖర్చు సంఘానిది. పోతు పక్కన నువ్వు నిలబడు. తలగుడ్డ శుభ్రమైనది కట్టుకో. పోతుకు స్నానం చేయించి కొమ్ములకు నూనె రాయి.

ఈ సభలో నన్ను కార్యదర్శిని చేస్తారని అనుకుంటున్నారు. నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

రామాంజినమ్మ


తుమ్మలకుంటపల్లె,
మార్చి 1965

అమ్మీ,

ఫోటో పంపుతున్నాను. నా మొహం చూసి నవ్వుకోవద్దు, ఎండ కళ్ళలో పడింది. నువ్వు కార్యదర్శివైతే మన నాయన ఉంటే ఎంత సంతోషించేవాడో.

నరసింహప్ప


అనంతపురం,
ఏప్రిల్ 1965

అన్నా,

సభ జరిగింది. నన్ను కార్యదర్శిని చేశారు. ఆ సంతోషం చెప్పడానికి ఈ జాబు రాయడం లేదు.

కవరు చించి ఫోటో చూడగానే నాకు తెలిసిపోయింది. ఫోటోలో పోతు నల్లగా నిగనిగలాడుతోంది. దాని రెండు చెవులూ నిండుగా ఉన్నాయి. మన పోతుకు ఎడమ చెవి సగానికి కోసి ఉంటుంది. అది దూడగా ఉన్నప్పుడు ఆ చెవిని నేను నిమిరి నిమిరి మాన్పినదాన్ని. నేను ఎలా మరచిపోతాను?

తెలిసిన క్షణంలోనే నీకు రాసి ఉండాలి. లేదా ఈ ఫోటో వద్దని సంఘంలో చెప్పి ఉండాలి. రెండూ చేయలేదు. రేపే సభ, బెంగళూరు వాళ్ళు బయలుదేరారు, నా పేరు కార్యదర్శిగా అచ్చయింది అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. ఆ ఫోటోకు గుమ్మడికాయంత పూలదండ వేసి వేదిక మీద నిలబెట్టారు. నేను దాని పక్కన నిలబడి, "ఇదే మా ధర్మరాజు" అన్నాను. అన్నా, నా నోటితో అన్నాను. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఒక అవ్వ వచ్చి ఫోటోలోని పోతు కాళ్ళకు మొక్కింది. ఆమె వేళ్ళు ఆ అబద్ధాన్ని తాకుతుంటే నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది.

అప్పటి నుంచి అన్నం సయించడం లేదు. అద్దంలో నా మొహం నేను చూసుకోలేకపోతున్నాను. నువ్వెందుకు అబద్ధం పంపావని అడిగే హక్కు నాకు లేదు, దాన్ని సభకు చూపించింది నేను. ఒక్కటే అడుగుతున్నాను. పోతు ఉందా? చచ్చిపోయిందా? ఎవరైనా కోశారా? ఏదైనా సరే, నిజం రాయి.

రామాంజినమ్మ


తుమ్మలకుంటపల్లె,
మే 1965

అమ్మీ రామాంజినా,

ఫోటోలోది మన పోతు కాదు. సోమందేపల్లె సంతలో ఒక బేరగాణ్ణి బతిమాలి, అతని పోతు పక్కన నిలబడి తీయించుకున్నాను. చెవి సంగతి తట్టనే లేదు. దొంగపని కూడా చేతనైనవాడు చేయాలి.

పోతు బతికే ఉంది. బతకడమంటే ఊపిరి ఆడటం ఒక్కటే అయితే ఉన్నట్టే. పక్కటెముకలు దూరం నుంచే లెక్కపెట్టవచ్చు. అది నీకు చూపించలేక సంతకు పోయాను.

దేవరకు ముందు అది ఎవరి చేలో పడినా తిననిచ్చేవాళ్ళు. వాకిట్లోకి వస్తే ఆడవాళ్ళు పసుపు నీళ్ళు చల్లి కుడితి పెట్టేవాళ్ళు. ఆ మర్యాద అంతా చావబోయే జీవానికి ఇచ్చింది. నువ్వు దాని చావు తప్పించావు. దాంతోపాటే దాని మేత కూడా తప్పిపోయింది. ఆ సంగతి నీకు తట్టలేదు, నాకూ తట్టలేదు. పలుపు వదిలినప్పుడు నేను నా చెల్లెల్ని చూశానే గానీ పోతును చూడలేదు.

వానలు ఎగబెట్టాక, మారెమ్మకు ఇస్తామన్నది ఇవ్వలేదు కాబట్టే ఇట్లా అయిందన్నారు. లక్ష్మన్న ఈసారి కట్టె ఊరికే దించలేదు. ఎదురింటి పెద్దక్క తొట్టిలో అది మూతి పెట్టిందని కాగే గంజి వీపు మీద పోసింది. అక్కడ వెంట్రుక మళ్ళీ మొలవలేదు. అప్పటి నుంచి కొట్టంలో కట్టేశాను. నువ్వు సభల్లో స్వేచ్ఛగా తిరుగుతోందన్న పోతుకు ఎండ తగిలి ఎన్నాళ్ళైందో నాకే తెలియదు.

కాడి కడదామంటే అమ్మవారికి వదిలినదాన్ని కట్టకూడదని పూజారి ఎర్రిస్వామి అడ్డం. అమ్ముదామంటే మన చుట్టుపక్కల అమ్మవారి పోతును కొనేవాడు లేడు. కోయడానికి నువ్వు అడ్డం. దానికి ఏ దారీ లేకుండా చేశాం.

మన పుల్లడికీ మైలడికీ మాత్రం ఏ అడ్డమూ లేకపోయింది. ఎద్దులు రెండింటినీ కదిరి సంతకు నేనే తోలుకుపోయి అమ్మాను. కొన్నవాళ్ళు ఎటు తోలుకుపోతారో తెలిసే అమ్మాను. ఇన్నేళ్ళు మనకు అన్నం పెట్టిన జీవాలు అవి. పని చేసినవాటిని అమ్మి, పని చేయనిదాన్ని ఉంచుకున్నాను, ఎందుకంటే వాటి గురించి ఎవరూ ప్రసంగం చేయలేదు. మైలడు వెనక్కి తిరిగి చూశాడు. నేను తల తిప్పుకున్నాను.

నీ వెనక గదికి మరమ్మతు ఏమీ జరగలేదు. కప్పు మీది బోదగడ్డి అంతా పీకి పోతుకే వేశాను. నువ్వు వస్తే ఆకాశం కింద పడుకోవాలి. అందుకే రావద్దన్నాను.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను. ఒకనాడు పొద్దున దాన్ని నల్లమాడ దారిలో వదిలి, "యాడికన్నా పో, నా కంటికి కనబడొద్దు" అని అదిలించి వచ్చాను. నేను ఇల్లు చేరేసరికి అది అడ్డదారిన వచ్చి కొట్టం ముందు నిలబడి ఉంది. తలుపు ఎప్పుడు తీస్తావని చూస్తున్నట్టుంది. సిగ్గుతో చచ్చిపోయాను అమ్మీ.

నీ మీద కోపం లేదంటే అది ఇంకో అబద్ధం. ప్రతి జాబులో పోతు ఎలా ఉందని అడిగావు. ఏం తింటోందని ఒక్కసారీ అడగలేదు.

నేనూ మీ వదినా బళ్ళారి వైపు కాలువ పనికి పోవాలనుకుంటున్నాం. ఈడ ఇంక తిండి లేదు. దీన్ని ఎవరికి అప్పజెప్పాలో తెలియక ఆగాం.

నీ అన్న,
నరసింహప్ప


అనంతపురం,
జూన్ 1965

అన్నా,

నీ జాబు తీసుకుని అధ్యక్షులవారి ఇంటికి పోయాను. మొత్తం చదివి వినిపించాను. మన సంఘం గోశాలలో దానికింత చోటు ఇవ్వమని అడిగాను. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని, "అమ్మా, గోశాల గోవులకు. దాతలు గోవుల కోసం ఇచ్చిన గడ్డి ఎనుబోతుకు ఎట్లా వేస్తాం?" అన్నారు. వాటిని మళ్ళీ పెట్టుకుని, "ఫోటో సంగతి బయట అనవద్దు. సంఘానికి చెడ్డపేరు" అన్నారు.

ఆయన మీద అరుద్దామనుకున్నాను. కానీ ఏ మొహంతో? రెండేళ్ళుగా నేను చేసిందీ అదే. మా మంచిపేరు మేసి బతికే జంతువు కావాలి మాకు, గడ్డి మేసేది కాదు. నేను బండ మీద పడుకున్నది ఒక్క పూట. నువ్వూ వదినా ఆ బండ కిందే రెండేళ్ళు ఉన్నారు.

పుల్లడి గురించీ మైలడి గురించీ చదివినప్పుడు ఏడ్చాను. నేను పుట్టింటికి వస్తే బస్సు దిగిన చోట బండి కట్టుకుని వచ్చేవి అవే కదా. వాటి పేర్లు నేను ఏ సభలోనూ ఎత్తలేదు.

కార్యదర్శి పదవి వదిలేశాను. బడికి కూడా సెలవు చెప్పాను. బుధవారం బస్సుకు వస్తున్నాను. మీరు కాలువ పనికి పోండి, పోతును నేను చూసుకుంటాను. నా చేత పెండ ఎత్తిస్తానన్న వదిన మాట నెగ్గిందని చెప్పు. వెనక గదికి కప్పు లేకపోయినా ఫరవాలేదు. అది తిన్న కప్పు కిందే నాకు చోటు.

రామాంజినమ్మ


తుమ్మలకుంటపల్లె,
ఏప్రిల్ 1966

కాలువ పనిలో ఉన్న అన్నకూ వదినకూ రామాంజినమ్మ రాసేది.

మీరు పోయాక జరిగినవి ముక్కలు ముక్కలుగా రాశాను. ఈసారి కొంచెం పెద్దది, ఓపికగా చదువు.

మొదటి నెలల్లో ఇంటింటికీ మేత అడుక్కున్నానని రాశాను గానీ, ఏమన్నారో రాయలేదు. "కాగితాలు పంచితివే, అవే తినిపించు" అన్నారు. నోరెత్తకుండా పడ్డాను. నాగజెముడు ముళ్ళు కాల్చి తరిగి పెట్టడం నేర్చుకున్నాను. చేతులు పుళ్ళయ్యాయి గానీ పోతు లేచి నిలబడింది. కొట్టంలో నుంచి మొదటిసారి బయటికి తెచ్చినప్పుడు ఎండకు కళ్ళు తెరవలేకపోయింది. అప్పుడు నా తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఉగాది ముందు ఎర్రిస్వామి, లక్ష్మన్న, ఊరి పెద్దలంతా వాకిట్లోకి వచ్చారు. "అమ్మా, మూడేండ్లాయ, సినుకు లేదు. తల్లి అడుగుతాండాది. పోతునియ్యి" అన్నాడు ఎర్రిస్వామి. మళ్ళీ బండ మీద పడుకుంటానని అనుకున్నారేమో, ఊరంతా చూడటానికి వచ్చింది. నేను గంటలు గంటలు మాట్లాడినదాన్ని. ఆరోజు ఒక్క అహింస మాటా నోటికి రాలేదు.

"నేను అడ్డం పడను. పోయినసారి మీరు ఒక్క వేటుతో పోగొట్టేదాన్ని నేను ఆపి, రెండేళ్ళు ఆకలితో చంపాను. అది ఏం తింటుందో మిమ్మల్ని అడగలేదు, మా అన్ననూ అడగలేదు. చేతులెత్తి మొక్కుతాను, దాన్ని ఉండనీండి. కాదంటే మీ ఇష్టం, నన్ను మాత్రం క్షమించండి" అన్నాను. అంతమందిలో ఏడ్చాను.

అప్పుడు పెద్దక్క ముందుకు వచ్చింది. అవును, గంజి పోసిన పెద్దక్కే. బావిలో నీళ్ళు అడుక్కి పోయి, చేంతాడు లాగి లాగి ఆమె అరచేతుల తోలు ఊడింది. ఆ చేతులు ఎర్రిస్వామి మొహం ముందు పెట్టి, "సూడప్పా. ఊర్లో ఎద్దులన్నీ కదిరి సంతకు పాయ. కపిలె మోట ఎండిపోయి పడుండాది. మిగిలిండే జీవం ఇదొకటి. దీన్ని గూడా కోస్తే బాయికాడ ఎవురు గుంజాల? నువ్వు గుంజుతావా?" అంది.

అమ్మవారి పోతుకు కాడి కట్టకూడదు అన్నాడు ఎర్రిస్వామి. "అమ్మోరి పోతు అమ్మోరి బిడ్డలకు నీళ్ళు తోడితే అమ్మోరికి కోపమొస్తాదా? వస్తే నా మీదకు రమ్మను. యెట్లాగూ దానికి నేను గంజి బాకీ ఉండాను" అంది. లక్ష్మన్న మొదట నవ్వాడు. తర్వాత ఇంకెవరో నవ్వారు. ఎర్రిస్వామి తల గోక్కుని, "సరే, తల్లి పేరు సెప్పి కట్టండి" అన్నాడు.

కాడి పట్టుకోవడానికి మాత్రం ఒక్కరూ ముందుకు రాలేదు, దోషం తగులుతుందని. కాబట్టి నేనే కట్టాను. ఒకప్పుడు ఎద్దుల మెడ మీది కాడి పుండ్ల గురించి సంఘానికి కరపత్రం రాసిన ఈ చేతులతోనే దాని మెడకు కట్టాను. కొట్టం మూలన పుల్లడూ మైలడూ లాగిన కాడి ఇంకా ఉంది. దాన్నే ఒక్క పోతుకు సరిపోయేలా కోయించాను. పుండు పడకుండా నా పాత చీర చుట్టాను. మొదటిరోజు పోతు రెండడుగులు వేసి పడుకుంది. ఎవరూ కొట్టలేదు. నాలుగు రోజులు నేను దానితోపాటు ముందుకీ వెనక్కీ నడిచాను. అయిదోరోజు తోలు బాన నీళ్ళతో నిండి పైకి వచ్చింది. ఆడవాళ్ళు కేకలు పెట్టారు.

ఇప్పుడు పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు లాగుతుంది. చిన్న బాన, ఎక్కువసేపు లాగనివ్వను. బిందె నింపుకునే ప్రతి ఇంటివాళ్ళూ ఒక పిడికెడు మేత తెచ్చి దాని ముందు వేస్తారు. కొందరికి అదీ లేదు, చింతచిగురో తంగేడాకో తెస్తారు. అది ముట్టకపోయినా ఎవరూ ఏమీ అనరు. పెద్దక్క రోజూ గంజి తెస్తుంది. చల్లార్చి, వేలు పెట్టి చూసి మరీ పోస్తుంది. ఆమె దాని వీపు వైపు చూడదు.

సంఘం నుంచి జాబు వచ్చింది. పత్రిక ప్రత్యేక సంచికకు ధర్మరాజు ఫోటో ఇంకొకటి కావాలట. నల్లమాడకు వచ్చిన ఫోటో అతన్ని పిలిచి బావి దగ్గరే తీయించి పంపాను. ఎముకలు, కాలిన మచ్చ, మెడ మీద కాడి, పక్కన పలుపు పట్టుకుని నేను. ఇది అచ్చు వేస్తే చదువరుల మనసు నొచ్చుకుంటుందని తిప్పి పంపారు. నాకు బాధ కలగలేదు. ఊరివాళ్ళు దాన్ని బతకనిచ్చారు, నన్నూ ఉండనిస్తున్నారు. అయినా బావి దగ్గర అది నా ముందు నుంచి నడిచిపోతుంటే సిగ్గుగానే ఉంటుంది. ఆ సిగ్గు పోవాలని నాకు లేదు.

వాన పడితే మీరు తిరిగి రండి. వెనక గదికి కప్పు ఇంకా వేయలేదు, వదిన వచ్చి తిట్టేదాకా వేయను.

తిప్పి పంపిన ఆ ఫోటో ఈ కవరులో పెడుతున్నాను. ఎడమ చెవి చూడు అన్నా. అదే.

నీ చెల్లెలు,
రామాంజినమ్మ